ఐదో పేజీలో కత్తిరించిన వార్త

లైబ్రరీకి వచ్చేవాళ్లంతా ఆవిడను పేపరక్క అనేవాళ్లు. ఆవిడకన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లకు కూడా పేపరక్కే. ఆవిడ పని అలాంటిది. ఎనిమిది కొట్టకముందే వచ్చి, ఆ రోజు పేపర్లు తొమ్మిదీ విప్పి, ప్రతి పేజీ మూలనా లైబ్రరీ ముద్ర కొట్టి, ఒక్కోదాన్నీ ఒక్కో కర్రకు బిగించి బల్లల మీద పెట్టేది. నెల తిరగ్గానే వాటిని తారీఖుల ప్రకారం పేర్చి బైండింగు బాబాయికి అప్పజెప్పేది. ఆయన కుట్టి అట్టలు వేసి ఇస్తే ఒక్కో పుస్తకం పసిపిల్లంత బరువుండేది. వాటిని నిచ్చెనెక్కి పై అరల్లో సర్దడం కూడా ఆవిడ పనే. అలా ఇరవై నాలుగేళ్లు ఆ నిచ్చెన ఎక్కింది, దిగింది.

ఇన్ని పేపర్లు చేతుల మీదుగా పోతున్నా పెద్దక్షరాలు తప్ప ఆవిడ ఏదీ చదివేది కాదు. మిఠాయి కొట్టువాడికి తీపంటే మొహం మొత్తినట్టు, ఆవిడకు వార్తలంటే మొహం మొత్తింది.

ఇంట్లో ఇద్దరే. భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు. చేతిపనిలో వెంట్రుకవాసి తేడా రానివ్వడు, మాటల దగ్గరికొచ్చేసరికి తడబడతాడు. "మా అన్నయ్య నోట్లో నాలుక లేదు. ఆ వాటా కూడా మా వదినకే దక్కింది" అని ఆడపడుచు వచ్చినప్పుడల్లా అనేది. ఆవిడ కూడా ఊరుకునేది కాదు. "మీ ఇంటి నుంచి నాకు దక్కిన ఆస్తి అదొక్కటేగా" అనేది.

యాభై ఒకటో ఏట, ఒకనాడు నిచ్చెన మూడో మెట్టు మీద ఆవిడకు ఊపిరి అందలేదు. చేతిలో పుస్తకం ఉంది. పైకి పోలేదు, కిందికి దిగలేదు. బైండింగు బాబాయి పరుగున వచ్చి ముందు పుస్తకాన్ని అందుకుని, తర్వాత ఆవిడ చేయి పట్టుకుని దించాడు. పొడిదగ్గు అప్పటికే ఏడాదిగా ఉంది. దుమ్ములో పనిచేసేదాన్ని, దగ్గు రాక నవ్వొస్తుందా అనుకుంటూ నెట్టుకొచ్చింది.

ఆస్పత్రిలో గొట్టం నోట్లో పెట్టి ఊదించారు. పెద్ద యంత్రంలో పడుకోబెట్టి ఫొటోలు తీశారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నిదానస్తురాలు.

"అమ్మా, ఇది ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. స్పాంజి ఎండిపోయి అట్టలా బిగుసుకున్నట్టు. గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదు. ఊదే పరీక్షలో నూటికి అరవై నాలుగు వచ్చింది మీకు. ఈ తెల్లమాత్ర జబ్బును పోగొట్టదు. దాని నడకను నెమ్మది చేస్తుంది, అంతే."

"అంతేనా?" అన్నాడు భర్త.

"ప్రస్తుతానికి అంతేనండీ."

ఆ 'ప్రస్తుతానికి' అన్న మాటను ఆయన ఇంటిదాకా మోసుకొచ్చాడు. మర్నాటి నుంచి పేపరులో ఆరోగ్యం పేజీ వెతకడం మొదలుపెట్టాడు. అద్దం కోసే చెయ్యి కదా, వార్తను కూడా అలాగే కోసేవాడు. అంచులు తిన్నగా, మూలలు గుండ్రంగా. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా జేబులోంచి తీసి టీ కప్పు పక్కన పెట్టేవాడు. 'ఊపిరితిత్తులకు కొత్త ఊపిరి.' 'బిగిసిన శ్వాసకు విముక్తి.' 'ఇక ఆక్సిజన్ గొట్టాలకు సెలవు.' ఆవిడ పెద్దక్షరాలు చదివి, "బాగుందండీ" అని దిండు కింద పెట్టుకునేది. చదివితే ఎక్కడ ఆశ పోతుందోనన్న భయం కూడా లోపల ఉందేమో, మిగతాది చదివేది కాదు.

మందు మొదలై ఆరు నెలలు గడిచాక ఆయన తెచ్చిన ముక్క మాత్రం వేరు. దాన్ని కప్పు పక్కన పెట్టలేదు. చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది చూడు ఒకసారి."

'ఊపిరితిత్తుల మాత్రతో గుండెపోటు ముప్పు రెట్టింపు.' మందు పేరు కూడా పక్కనే ఉంది. ఆవిడ రోజూ మూడు పూటలా మింగే మాత్రే.

ఆవిడ తండ్రి గుండెపోటుతోనే పోయాడు, కూర్చున్న కుర్చీలో కూర్చున్నట్టే. ఆడపడుచుకు ఫోను చేస్తే, ఆమె అప్పటికే అదే వార్త నలుగురి దగ్గర విని ఉంది. "మానెయ్ వదినా. ఊపిరి కోసం పోయి గుండెను పోగొట్టుకుంటావా?" అంది. డాక్టరమ్మను అడుగుదామంటే ఆమె సెలవులో ఉంది. వచ్చాక అడగొచ్చులే అనుకున్నారు. ఆమె తిరిగొచ్చింది. వీళ్లకు వెళ్లబుద్ధి కాలేదు. మాత్ర మానేశాక కడుపులో తిప్పడం తగ్గింది, అన్నం సయించింది. మంచే జరిగిందనుకున్నారు. ఏడు వారాలు అలా గడిచాయి.

ఎనిమిదో వారంలో ఇంటి మెట్లు ఎక్కుతూ ఆవిడ సగంలో కూలబడింది.

ఈసారి ఊదే పరీక్షలో నలభై తొమ్మిది వచ్చింది. డాక్టరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. మాత్ర మానేసిన సంగతి విని, కేకలెయ్యలేదు. ఆ ముక్క ఉందా అని అడిగింది. ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, కింది వరస దగ్గర వేలు పెట్టింది.

"ఇక్కడ చదవండమ్మా."

ఆవిడ చదివింది. మాత్ర వేసుకోనివాళ్లలో వెయ్యిమందికి ఇద్దరికి గుండెపోటు వస్తే, వేసుకున్నవాళ్లలో నలుగురికి వచ్చింది.

"రెండు నాలుగైతే రెట్టింపే. అబద్ధం రాయలేదు. కానీ మిగిలిన తొమ్మిదివందల తొంభై ఆరుమందికి ఏమీ కాలేదు. ఆ మాట పెద్దక్షరాల్లో ఉండదు. పైగా ఆ నలుగురూ ఎంత వయసువాళ్లు, ముందే గుండెజబ్బు ఉందా, సిగరెట్లు తాగేవాళ్లా, ఏదీ లెక్కలోకి తీసుకోలేదట. చూడండి, వాళ్లే రాశారు, చిట్టచివర."

"మళ్లీ మొదలుపెడితే ఆ అరవై నాలుగు వస్తుందాండీ?" అన్నాడు ఆయన.

డాక్టరమ్మ జవాబు చెప్పడానికి ముందు కాగితాన్ని మడిచింది. అప్పుడే ఆవిడకు అర్థమైంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే కాలిన చేతులు బాగుపడవని ఆవిడకు తెలుసు. అయినా పట్టుకుంది. మాత్ర మళ్లీ మొదలుపెట్టింది. జబ్బుకు పెట్టిన సెలవులైపోయి లైబ్రరీకి వెళ్లిన మొదటిరోజే, ఇరవై నాలుగేళ్లు మోసిన పేపర్లను చదవడం మొదలుపెట్టింది. నిచ్చెన ఎక్కలేకపోయేది కాబట్టి బైండింగు బాబాయి పాత పుస్తకాలు దించి ఇచ్చేవాడు. ఆరోగ్యం పేజీలు ఒక్కొక్కటీ పెద్దక్షరాల నుంచి ఆఖరి అక్షరం దాకా చదివింది. పదకొండేళ్ల కిందటి పుస్తకంలో తన జబ్బు గురించే ఒక వార్త దొరికింది. 'ఊపిరితిత్తులకు కొత్త ఊపిరి.' అవే మాటలు. మరో ఐదేళ్లలో మందు బజారులోకి వస్తుందని ఉంది. ఆ వార్త మీద లైబ్రరీ ముద్ర కొట్టింది తనే. వంకరగా పడింది కూడా.

"ఏమైంది బాబాయ్ ఈ మందు? ఆ తర్వాత ఎక్కడా కనపడలేదు" అంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మందు పుట్టలేదు కానీ బారసాల మాత్రం పేపర్లో చేసేశారు" అన్నాడు బాబాయి, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆవిడ నవ్వబోయి దగ్గింది.

అలా చదవగా చదవగా ఆవిడకు వాసన పట్టడం వచ్చేసింది. ప్రయోగం ఎలుకల మీద చేశారా, మనుషుల మీదా? మనుషులైతే ఎందరు? మందు వేసుకోనివాళ్లను పక్కన పెట్టి పోల్చారా? ఎంతకాలం చూశారు? చెబుతున్నవాడికి ఆ మందు అమ్ముడుపోతే లాభమా? సందేహం వస్తే కాగితం మీద రాసుకుని డాక్టరమ్మను అడిగేది. ఆమె కూడా విసుక్కోకుండా చెప్పేది. ఒకసారి, "మీరు అడిగేవి మా దగ్గర చదువుకునే పిల్లలు అడిగితే బాగుండు" అంది. ఆ పొగడ్త విని ఆవిడకు సంతోషం కలగలేదు. ఈ చదువు రెండేళ్లు ముందు చదివి ఉంటే, అనుకుంది.

భర్త ముక్కలు తేవడం మానలేదు. ఇప్పుడు ఆవిడ వాటిని ఆయన ఎదుటే చదివేది.

"ఎలుకలండీ. ఆరో పేరాలో ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నారు కానీ, అసలు చెలగాటం ఈ పేపరువాళ్లది."

"ఇది?"

"పన్నెండు మంది. పన్నెండు మందైతే మన వీధిలోనే ఉన్నారు."

"పోనీ ఇది చూడు. బాగుపడ్డ మనిషి ఫొటో కూడా వేశారు."

"ఆ పొడి అమ్మేదీ ఆ మనిషేనండీ. కింద ఫోను నంబరు ఉంది."

ఆవిడ చెప్పేది సరైనదే. కానీ అలా చెప్పిన ప్రతిసారీ ఆయన మొహం, దీపం తగ్గించినట్టు తగ్గేది. టీ చల్లారేదాకా తాగేవాడు కాదు. కొన్నాళ్లకు ఆవిడ గమనించింది. ఆ తర్వాత మరీ పచ్చి అబద్ధం కాకపోతే, "చూద్దామండీ, పెద్దవాళ్లు పరీక్షలు చేస్తున్నారుగా" అనేది. కానీ ఆయన అప్పటికే నేర్చేసుకున్నాడు. దుకాణంలోనే ముక్కను చివరిదాకా చదివి, పనికిరానిదైతే అక్కడే చించేసి వచ్చేవాడు. దాంతో జేబు ఖాళీగా వచ్చే రోజులు ఎక్కువయ్యాయి.

ఆవిడ జబ్బు మాత్రం ఎవరి చదువుతోనూ పని లేకుండా తన దారిన తాను నడిచింది. మరో ఏడాదికి ఊదే పరీక్షలో నలభై ఒకటి. మంచం పక్కకు ఆక్సిజన్ యంత్రం వచ్చింది. గదిలో మరో మనిషి గురకపెడుతున్నట్టు ఉండేది దాని చప్పుడు. ముక్కుకు తగిలించే గొట్టం పొడుగు పదిహేనడుగులు. వంటింటి గుమ్మం దాకా వస్తుంది, పొయ్యి దాకా రాదు. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతుంటే ఆయన వండేవాడు. "అద్దాలు అరగదీసినట్టు ఉల్లిపాయను అరగదీస్తే ఎలాగండీ, తరగండి" అనేది. లైబ్రరీ పని మానేసింది. పేపరు మాత్రం ఇంటికి వేయించుకునేది.

ఒక ఆదివారం ఆవిడ నిద్ర లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. పేపరు మంచం మీదే ఉంది, కానీ మడత మారి ఉంది. విప్పితే ఐదో పేజీలో కుడివైపు పైన అరచేతి వెడల్పున ఖాళీ. ఆ ఖాళీలోంచి కింద ఉన్న దుప్పటి పూలు కనిపిస్తున్నాయి. ఖాళీ అంచులు తిన్నగా ఉన్నాయి. మూలలు గుండ్రంగా ఉన్నాయి.

ఇన్నేళ్లలో ఆయన కోసి తెచ్చి చూపించని ముక్క లేదు. పనికిరానిదైతే చించి పారేస్తాడు కానీ దాచడు. ఆవిడ మధ్యాహ్నం దాకా ఎదురు చూసింది. ఆయన వచ్చి, వంట చేసి, ఆ మాటే ఎత్తలేదు. ఆవిడ అడగలేదు.

మర్నాడు ఆయన దుకాణానికి వెళ్లగానే ఆవిడ లైబ్రరీకి ఫోను చేసింది.

"బాబాయ్, నిన్నటి పేపరు ఐదో పేజీ. కుడివైపు పైన ఏముందో చదువుతారా?"

"ఎందుకమ్మాయ్, మీ ఇంటికి రాలేదా పేపరు?"

"వచ్చింది. చిరిగింది."

బాబాయి కళ్లజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని, బడిపిల్లాడిలా ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. "ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు కొత్త మందు. నెమ్మదించిన... నెమ్మదించిన జబ్బు నడక."

పెద్దక్షరాలే ఒద్దికగా ఉన్నాయి. ఆవిడ కూర్చున్న చోటే సర్దుకుంది.

"మనుషుల మీదేనా బాబాయ్?"

"ఆఁ. వెయ్యిన్నీ మూడువందల మంది. సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర. ఎవరికి ఏది ఇచ్చారో డాక్టర్లకు కూడా చెప్పలేదంట. ఇదేం చోద్యం?"

"అలాగే చెయ్యాలి. ఎన్నాళ్లు?"

"ఏడాదిన్నర."

"చేసింది మందు కంపెనీవాళ్లేనా?"

"వాళ్లు డబ్బు పెట్టారు, లెక్క చూసింది వేరేవాళ్లు అని రాశాడు. మందు వేసుకున్నవాళ్లకు జబ్బు నడక సగానికి తగ్గిందంట. కొందరికి విరేచనాలు అయ్యాయంట. అది కూడా రాశాడు."

మూడేళ్లుగా ఆవిడ చదివిన వార్తల్లో ఇలాంటిది లేదు. ఎక్కడ గోకినా రంగు ఊడలేదు. ఫోను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఇంత మంచి వార్తను ఆయన ఎందుకు దాచాడు?

"చివరిదాకా చదవండి బాబాయ్."

"ఇంకో నాలుగు ముక్కలే. ఊదే పరీక్షలో నూటికి యాభై కన్నా తక్కువ వచ్చినవారిని ఈ పరిశోధనలో చేర్చుకోలేదు. వారికి ఈ మందు వల్ల మేలో, కీడో తెలియదు. అయిపోయింది. ఏంటమ్మాయ్ ఇది, మంచి వార్తేనా? నీకు పనికొస్తుందా?"

"మంచి వార్తే బాబాయ్. నమ్మదగ్గది" అంది ఆవిడ. ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆయన వచ్చి చెప్పులు విప్పుతుండగానే అంది, "బాబాయి చదివి వినిపించాడు."

ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"మొత్తమా?"

"చివరిదాకా."

వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"పొద్దున డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను" అన్నాడు. "వార్త నిజమేనంది. నీకు మాత్రం ఇప్పుడు ఇవ్వలేనంది. ఇంకో మాట కూడా అడిగాను."

"ఏమడిగారు?"

"ఆ ఏడు వారాలు. ఆ ఏడు వారాలు మాత్ర మానకపోయి ఉంటే ఈరోజుకి యాభై పైన ఉండేదా అని."

"ఏమంది?"

"చెప్పలేమంది. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అంది. ఆ ముక్క కోసి తెచ్చింది నేను. నా చేత్తో నేనే తెచ్చిచ్చాను. ఉండదు అని ఆమె ఒక్కమాట అని ఉంటే..." అద్దం పొడి అంటిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వాటి వంకే చూస్తూ ఏడ్చాడు. పెళ్లయిన ముప్ఫయ్యేళ్లలో ఆయన ఏడవగా ఆవిడ చూడలేదు.

"మీరు తెచ్చారు. మానింది నేను" అంది ఆవిడ. మధ్యలో ఊపిరి తీసుకుంది. "ఇరవై నాలుగేళ్లు పేపర్లు మోసినదాన్ని. కింది వరస చదవడానికి ఎంతసేపు పట్టేది?"

"నా మీద కోపం రాలేదా నీకు?"

రాలేదని చెబితే సరిపోయేది. కానీ అబద్ధపు ఓదార్పు చెప్పబుద్ధి కాలేదు.

"వచ్చింది. రెండేళ్లు ఉంది. మీరు పక్కన పడుకుంటే అటు తిరిగి పడుకునేదాన్ని, దగ్గు వంక పెట్టి. ఇప్పుడు లేదు."

ఆ చివరి మాట నిజమో కాదో ఆవిడకే తెలియదు. కానీ ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ పూట ఇద్దరికీ అన్నం సయించలేదు.

రెండు రోజుల తర్వాత ఆ ముక్క తెమ్మని ఆయన్నే అడిగింది. ఆస్పత్రి బెంచీ మీద పరిచయమైన ఒక కుట్టుపని ఆవిడ ఉంది. అదే జబ్బు. ఇద్దరు చిన్నపిల్లలు. ఊదే పరీక్షలో డెబ్బై ఒకటి. ఆ ముక్క మీద పెన్నుతో 'ఇది నమ్మవచ్చు. మీకు పనికి రావచ్చు. డాక్టరమ్మను అడగండి' అని రాసి, ఆమెకు ఇచ్చి రమ్మని ఆయన్ను పంపింది. ఆయన వెళ్లాక గోడవైపు తిరిగి పడుకుంది. మంచిపని చేసినవాళ్లకు మనసు తేలికవుతుందంటారు. ఆవిడకు అలాంటిదేమీ కాలేదు. డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి అని ఆ అంకెనే తలుచుకుని కుళ్లుకుంది, కుళ్లుకున్నందుకు ఏడ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి. త్వరగానే ఆపేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఐదు నెలలు బతికింది. ఆఖరి వారాల్లో పేపరు పట్టుకునే ఓపిక లేక ఆయన్నే చదవమనేది. "ఆరోగ్యం పేజీ వద్దు. మిగతావి ఏవైనా సరే." ఆయన ఆటల పేజీ, ఇళ్లు అద్దెకు, తప్పిపోయిన కుక్క, ఏది దొరికితే అది తడబడుతూ చదివేవాడు. ఒక గురువారం పొద్దున వంతెన మరమ్మతు గురించి చదువుతుంటే ఆవిడ కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకుని ఆయన గొంతు తగ్గించాడు కానీ చదవడం ఆపలేదు. ఆ వార్త పూర్తిచేసి, పక్కదీ పూర్తిచేసి, పేజీ తిప్పబోతూ చూశాడు.

కుట్టుపని ఆవిడకు ఆ మందు దొరికిందని తర్వాత తెలిసింది. ఆమె ఒకసారి పిల్లలను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. ఆయన కుర్చీ జరిపాడు. కూర్చోమన్నాడు. ఆమె కళ్లజోడు వదులైందని చూసి, తీసుకుని మరలు బిగించి ఇచ్చాడు. "ఎలా ఉంది ఒంట్లో?" అని అడిగాడు. బాగానే ఉందని ఆమె చెబుతుంటే తల ఊపాడు. వాళ్లు వెళ్లాక, అద్దాలు అరగదీసే చక్రం ముందు కూర్చుని ఎంతసేపటికీ దాన్ని తిప్పలేకపోయాడు.